ముక్కుసూటి ఇంటిపెద్ద బాఖ్

ప్రతి సంఘంలోనూ ఇలాంటి పెద్దాయన ఒకరుంటారు. తెల్లవారకముందే లేచి పనిలో పడతారు. వేళకాని వేళ వెళ్లినా ఆయన ఇంట్లో నలుగురికి భోజనం దొరుకుతుంది. కమిటీ మీటింగులో ఆయన లేచి నిలబడ్డారంటే మాత్రం సెక్రటరీగారికి చెమటలు పడతాయి. బతికున్నంతకాలం ఆయనను నోటిదురుసు మనిషి అంటాం, భూస్థాపన రోజున నిక్కచ్చి మనిషి అంటాం. పాతికేళ్ల పైబడిన పరిచర్యలో ఇలాంటి పెద్దలను మేము చాలామందిని చూశాం, కొందరి చేత మాటలు పడ్డాం కూడా. ఈ వారం మనం తలుచుకునేది అలాంటి ఒక పెద్దాయననే. ఆయన జర్మనీ దేశపు లూథరన్ విశ్వాసి, చర్చి సంగీతకారుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్.

లోకం ఆయనను మహా విద్వాంసుడిగా ఎరుగును. మేము సెమినరీలో చదువుకునే రోజుల్లో ఆరాధన చరిత్ర పాఠంలో ఆయన పేరు ఒక పేరాలో వచ్చి ఒక పేరాలో వెళ్లిపోయింది. ఆయన ఇంటి సంగతి మాకెవరూ చెప్పలేదు. ఇరవైమంది పిల్లల తండ్రి అనీ, వారిలో పదిమందిని చిన్నతనంలోనే మట్టికి అప్పగించాడనీ, పై అధికారులతో జీవితమంతా పోట్లాడాడనీ తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాం. అప్పటినుంచి ఆయన సంగీతం చెవినబడితే మాకు ముందుగా గుర్తొచ్చేది ఆ నిండిన ఇల్లే.

1685 మార్చి 21న ఐసెనాఖ్ అనే చిన్న పట్టణంలో ఎనిమిదిమంది పిల్లల్లో ఆఖరివాడిగా ఆయన పుట్టాడు. తండ్రి ఆ ఊరి మునిసిపాలిటీ కొలువులో వాద్యకారుడు. తాతలు, పెదనాన్నలు, చిన్నాన్నలు అందరిదీ అదే వృత్తి. మన పల్లెల్లో సన్నాయి మేళం కుటుంబాలున్నట్టు, తూరింజియా ప్రాంతంలో బాఖ్ అంటే ఇంటిపేరుకంటే ఎక్కువగా వృత్తిపేరు. ఆ వంశానికి మూలపురుషుడిగా వాళ్లు చెప్పుకునేది వైట్ బాఖ్ అనే రొట్టెల తయారీదారుని. లూథరన్ విశ్వాసం కారణంగా హంగరీ విడిచి వచ్చేసి, పిండిమరలో గోధుమలు ఆడుతుంటే ఆ చప్పుడుకు తగ్గట్టు తంత్రీవాద్యం వాయించుకునేవాడట. ఈ సంగతిని రాసిపెట్టింది సెబాస్టియనే. 1735లో, తన యాభయ్యో ఏట, వంశంలోని 53 మంది సంగీతకారుల పేర్లు వరుసగా రాసి ఒక వంశచరిత్ర తయారు చేశాడు. వంశావళులను ఓపిగ్గా చదివేవారు విశ్వాసుల్లో తక్కువే. మత్తయి సువార్త మొదటి అధ్యాయాన్ని దాటేసి రెండోదానికి వెళ్లేవాళ్లం మనలో ఎంతమందిమి! ఆయన మాత్రం అలా కూర్చుని రాశాడంటే దానికొక కారణం ఉంది. ఆయన ఇల్లు పదేళ్లకే చెదిరిపోయింది.

1694లో తల్లి పోయింది, పది నెలలు తిరగకుండానే తండ్రి పోయాడు. పదేళ్లు నిండని పిల్లవాడిని ఓర్‌డ్రూఫ్ అనే ఊళ్లో ఆర్గనిస్టుగా ఉన్న పెద్దన్న తీసుకెళ్లి పెంచాడు. అన్న బీరువాలో పెద్ద విద్వాంసుల రచనల పుస్తకం ఒకటుండేది. అడిగితే ఇవ్వలేదు. పిల్లవాడు జాలీ తలుపులోంచి చెయ్యి పెట్టి, కాగితాలను చుట్టగా చుట్టి బయటికి లాగి, దీపం లేక వెన్నెల్లో ఆరు నెలలపాటు కాపీ చేసుకున్నాడు. అన్నకు తెలిసి ఆ కాపీని కూడా లాగేసుకున్నాడు. ఆయన చనిపోయాక వచ్చిన స్మృతివ్యాసంలో ఇంటివాళ్లు చెప్పిన ముచ్చట ఇది. అన్నను తప్పుపట్టడానికి మాకు మనసు రాదు. చిన్న జీతం, పెరుగుతున్న సంసారం, పైగా తమ్ముడి బరువు. పదిహేనేళ్లకే ఆ కుర్రవాడు మూటాముల్లె కట్టుకుని, తన గొంతుతో తిండి సంపాదించుకోవడానికి ఉత్తరాన లూనెబర్గ్‌లోని సెయింట్ మైకేల్ స్కూలుకు వెళ్లిపోయాడు.

పద్దెనిమిదేళ్లకు, 1703లో, ఆర్న్‌స్టాట్ చర్చిలో ఆర్గనిస్టు ఉద్యోగం వచ్చింది. నోటి కథ కూడా అక్కడే మొదలైంది. విద్యార్థుల బృందంలో బస్సూన్ అనే పెద్ద ఊదువాద్యం వాయించే ఒకడిని, వయసులో తనకంటే పెద్దవాడిని, వాద్యం పేరుతో కలిపి అవమానకరమైన మాట అన్నాడు. 1705లో ఒక రాత్రి వాడు వీధిలో కాపు కాసి కర్రతో మీదికొచ్చాడు. మన ఆర్గనిస్టు ఒరలోంచి కత్తి దూశాడు. పక్కనున్నవాళ్లు విడదీశారు కాబట్టి సరిపోయింది. విచారణ జరిపిన సంఘపెద్దలు, లోపాలున్న మనుషులతోనే కలిసి పనిచేయడం నేర్చుకోవాలని ఆయనకు హితవు చెప్పారు. ఆ మాట ఆయన చెవికెక్కినట్టు మాకైతే కనబడదు. అదే ఏడాది చివర్లో నాలుగు వారాల సెలవు తీసుకుని, లూబెక్‌లో ఉన్న వృద్ధ విద్వాంసుడు బుక్స్‌టెహూడె వాయిద్యం వినడానికి నాలుగొందల కిలోమీటర్లు నడిచి వెళ్లాడు. నాలుగు వారాలు నాలుగు నెలలయ్యాయి. తిరిగొచ్చాక పెద్దలు సంజాయిషీ అడిగితే, తన పనిని ప్రత్యామ్నాయంగా పెట్టిన మనిషి చూసుకుంటాడనుకున్నానని తేల్చేశాడు.

కష్టపడే గుణాన్నీ మాట పడని గుణాన్నీ మనం రెండుగా విడదీసి, ఒకటి దేవుని వరమనీ ఇంకోటి శరీర స్వభావమనీ చెబుతుంటాం. ఈయన విషయంలో ఆ గీత గీయడం కష్టం. వందల మైళ్లు నడిపించిందీ, సెలవు మీరేలా చేసిందీ ఒక్కటే. దేవుని మందిరంలో వినబడేది చక్కగా ఉండాలన్న పట్టుదల అది. చక్కగా లేకపోతే ఎవరి ముఖం మీదైనా అనేస్తాడు, చక్కగా చేయడానికి ఎంతైనా శ్రమిస్తాడు.

1707లో తన దూరపు చుట్టమే అయిన మరియా బార్బరాను డోర్న్‌హైమ్ గ్రామ చర్చిలో పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా బాఖ్ ఇంటిపేరుదే. మరుసటేడు వైమార్ ప్రభువు ఆస్థానంలో కొలువు. అక్కడ తొమ్మిదేళ్లు పనిచేశాక పై పదవి ఖాళీ అయితే ఆయనకివ్వలేదు. కోథెన్ రాజు పిలిచాడు. పోతానంటే వైమార్ ప్రభువు ఒప్పుకోలేదు. ఈయన గట్టిగా పట్టుబట్టాడు. మరీ గట్టిగా పట్టుబట్టినందుకు 1717 నవంబర్ 6 నుంచి డిసెంబర్ 2 దాకా నిర్బంధంలో ఉంచి, ఆ తర్వాత అవమానకరంగా పంపించారు. ఆ నాలుగు వారాలు నలుగురు పిల్లలతో మరియా బార్బరా ఎలా గడిపి ఉంటుందో ఏ పుస్తకమూ చెప్పదు. ముక్కుసూటి మనుషుల ధైర్యం గురించి మాట్లాడేటప్పుడు వారి భార్యలను మనం మరచిపోతాం.

కోథెన్‌లో రోజులు బాగా గడిచాయి. రాజుకు సంగీతం ప్రాణం. 1720 వేసవిలో రాజుతో కలిసి కార్ల్స్‌బాడ్ నీటి బుగ్గలకు వెళ్లి, జూలైలో ఇంటికొచ్చి గడపలో కాలు పెట్టేసరికి భార్య చనిపోయి, సమాధి కూడా అయిపోయిందని చెప్పారు. వెళ్లేటప్పుడు ఆరోగ్యంగానే ఉంది. ఆమెకు పుట్టిన ఏడుగురిలో నలుగురు మిగిలారు. పెద్దమ్మాయికి పదకొండేళ్లు, ఆఖరివాడు బెర్న్‌హార్డ్‌కు అయిదు. అదే ఏడాది పెద్దకొడుకు ఫ్రీడెమాన్ కోసం పాఠాలు రాసిన చిన్న పుస్తకం ఇప్పటికీ ఉంది. మొదటి పేజీల్లో స్వరాల గుర్తులు, ఏ స్వరానికి ఏ వేలు వాడాలో అంకెలు. తల్లి పోయిన ఇంట్లో తండ్రి పక్కన కూర్చుని ఆ అంకెలు చూసి వేళ్లు కదిపిన తొమ్మిదేళ్ల పిల్లవాడిని ఊహించుకుంటే మనసు బరువెక్కుతుంది.

1721 డిసెంబర్‌లో ఆయన అన్నా మగ్దలేనాను చేసుకున్నాడు. ఆమెకు ఇరవై ఏళ్లు, ఆయనకు ముప్పయ్యారు. రాజాస్థానంలో జీతం తీసుకునే గాయని. ఇరవై ఏళ్ల పిల్ల నలుగురు పిల్లలకు తల్లిగా గడప దాటి వచ్చి, తర్వాత తాను పదమూడుమందిని కన్నది. వాళ్లలో ఏడుగురు పసితనంలోనే పోయారు. అంతటిలోనూ ఆమె రాత్రుళ్లు కూర్చుని భర్త రచనలకు కాపీలు రాసింది. ఆమె చేతిరాత రానురాను ఆయన చేతిరాతలాగే అయిపోయి, ఏది ఎవరు రాశారో తేల్చడానికి పండితులు తర్వాత చాలా అవస్థపడ్డారు.

1723లో లైప్‌జిగ్ నగరంలో సెయింట్ థామస్ స్కూలుకు క్యాంటర్‌గా, అంటే క్వయర్ పిల్లలకు గురువుగా, నగర చర్చిల సంగీతానికి బాధ్యుడిగా వచ్చాడు. నగర కౌన్సిల్ ముందు కోరుకున్నది టెలిమాన్‌ను, ఆయన రానంటే గ్రౌప్నర్‌ను. ఇద్దరూ దొరకలేదు. మేలైనవారు దొరకనప్పుడు మధ్యరకం వారితో సరిపెట్టుకోవాలని ఒక కౌన్సిల్ సభ్యుడు అన్నట్టు రికార్డుల్లో ఉంది. చరిత్రలో ఇంతగా గురి తప్పిన కమిటీ తీర్మానం ఇంకోటి ఉంటుందో లేదో! పాస్టర్ల ఎంపిక కమిటీల్లో కూర్చునే పెద్దలు దీన్ని ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

ఇల్లు స్కూలు భవనంలోనే. గోడకవతల యాభైకి పైగా హాస్టల్ పిల్లలు. నాలుగు వారాలకోసారి వాళ్లను లేపడం, ప్రార్థన చేయించడం, పడుకోబెట్టడం వంతు ఆయనదే. లాటిన్ పాఠాలు కూడా చెప్పాలంటే, సొంత డబ్బిచ్చి ఇంకొకరిచేత చెప్పించాడు. ఇక ఆదివారం సంగతి. ఆరాధన ఉదయం ఏడింటికి మొదలై మూడు నాలుగు గంటలు సాగేది. ఆ రోజు చదివే సువార్త భాగానికి తగినట్టు గాయకులకు, వాద్యాలకు కలిపి ఇరవై నిమిషాలకు పైబడిన కాంటాటా ఒకటి కావాలి. మొదటి కొన్నేళ్లు ఆయన దాదాపు వారానికొకటి కొత్తది రాశాడు. రాయగానే సరిపోదు; ఒక్కొక్క గాయకుడికీ, ఒక్కొక్క వాద్యానికీ విడివిడిగా కాపీలు తీయాలి. ఇంట్లో భోజనాల బల్ల మీద భార్య, కొడుకులు, శిష్యులు ఈకకలాలు పట్టుకుని కూర్చునేవారు. శనివారం రిహార్సల్. ఆదివారం పాడేస్తారు. సోమవారం మళ్లీ తెల్లకాగితం. వారంవారం ప్రసంగం సిద్ధం చేసుకునే మాకు ఆ సోమవారం ఎలా ఉంటుందో కొంచెం తెలుసు. కానీ మేము నిరుడు చెప్పింది అప్పుడప్పుడూ తిప్పి చెబుతుంటాం! ఆయన రాసినవాటిలో చాలా పోగా, ఇప్పటికి రెండువందల దాకా చర్చి కాంటాటాలు మిగిలాయి. కాగితం తలపై యేసు సహాయాన్ని అడిగే రెండు అక్షరాలు వేసి మొదలుపెట్టి, చివర దేవునికే మహిమ అనే అర్థమిచ్చే లాటిన్ మాటలకు గుర్తుగా ఎస్.డి.జి. అని రాసి ముగించడం ఆయన అలవాటు.

అలా మహిమ దేవునికిచ్చిన చేత్తోనే కౌన్సిల్‌కు ఫిర్యాదులూ రాశాడు. 1724 గుడ్‌ఫ్రైడేకు యోహాను సువార్త శ్రమల గానం. ఆ ఏడాది వంతు సెయింట్ నికొలస్ చర్చిదైతే, ఈయన సెయింట్ థామస్‌లో అని కరపత్రం అచ్చేయించాడు. కౌన్సిల్ మార్చమంటే మారుస్తాను గానీ అక్కడ హార్ప్సికార్డ్ బాగుచేయించాలి, పాడేవాళ్లకు మేడమీద చోటు పెంచాలి అన్నాడు. చేయించారు. 1730 ఆగస్టు వచ్చేసరికి కౌన్సిల్ సహనం నశించింది. పాఠాలు చెప్పడు, సెలవడక్కుండా వెళ్తాడు, సంజాయిషీ ఇవ్వడు, ఇక మారడు అని తీర్మానించి రాబడిలో కోత పెట్టారు. అందులో నిజం లేకపోలేదు. అదే నెల 23న ఆయన ఒక విజ్ఞాపన రాసి ఇచ్చాడు. చర్చి సంగీతం సవ్యంగా సాగాలంటే ఎంతమంది గాయకులు, ఎంతమంది వాద్యకారులు కావాలో లెక్క కట్టి, స్కూలులోని పిల్లల్లో 17 మంది పనికొస్తారు, 20 మంది ఇంకా తయారు కాలేదు, 17 మంది బొత్తిగా పనికిరారు అని పేర్లతో సహా రాసేశాడు. ఈ రోజుల్లో ఏ క్వయర్ మాస్టరైనా అలా పేర్లు రాసి కమిటీకిస్తే తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఆ విజ్ఞాపనతో కౌన్సిల్‌లో కదలిక వచ్చిన దాఖలా లేదు.

రెండు నెలల తర్వాత, అక్టోబర్ 28న, డాన్‌జిగ్‌లో ఉన్న చిన్ననాటి స్నేహితుడు ఎర్డ్‌మాన్‌కు ఉద్యోగం కోసం ఉత్తరం రాశాడు. ఆయన సొంత మాటలున్న ఉత్తరాలు తక్కువ. వాటిలో ఇది ముఖ్యమైంది. ఇక్కడ బతుకు ఖరీదు ఎక్కువ, అధికారులు విచిత్రమైనవాళ్లు, సంగీతం పట్టనివాళ్లు అంటాడు. రాబడి ఏడువందల థాలర్లు, అందులో సమాధి కార్యక్రమాల రుసుములు కూడా ఉన్నాయి గనుక, గాలి ఆరోగ్యంగా ఉండి జనం చావకపోతే రాబడి పడిపోతుందని, నిరుడు అలా వందకు పైగా నష్టపోయానని దాపరికం లేకుండా రాస్తాడు. పిల్లలను సమాధి చేసిన మనిషే ఇలా రాశాడా అని మొదటిసారి చదివినప్పుడు మాకు మింగుడుపడలేదు. తర్వాత ఆలోచిస్తే, ఎంతోమందికి అన్నం పెట్టాల్సిన ఇంటిపెద్ద జమాఖర్చు అది. ఆ ఉత్తరం చివర్లో గొంతు మారుతుంది. తన పిల్లలందరూ పుట్టు సంగీతకారులనీ, ఇంటివాళ్లతోనే గాత్రం, వాద్యం కలిపి కచేరీ నడపగలననీ, భార్య చక్కగా పాడుతుందనీ, పెద్దమ్మాయి కూడా ఫరవాలేదనీ రాస్తాడు. పెద్దమ్మాయికిచ్చిన ఆ కొలిచిన మెప్పు చూడండి. కూతురినైనా ఉన్నదానికంటే ఎక్కువ పొగడని మనిషి.

డాన్‌జిగ్ కొలువు దొరకలేదు. కుటుంబం లైప్‌జిగ్‌లోనే ఉండిపోయింది, గొడవలూ అక్కడే కొనసాగాయి. 1736లో కొత్త రెక్టర్ ఎర్నెస్టితో తగాదా వచ్చింది. సెమినరీలో వాక్యవ్యాఖ్యాన శాస్త్రం చదివినవారికి ఈ పేరు పరిచయమే. కొత్త నిబంధనను భాషా వ్యాకరణాల ఆధారంగా చదవాలని నేర్పిన పెద్ద పండితుడు. అప్పటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్లు. అంతకు ముందు ఏడాదే బాఖ్ ఆఖరి కొడుక్కి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. క్వయర్ నాయకుడిగా ఏ విద్యార్థిని పెట్టాలనే హక్కు ఎవరిదని గొడవ. రెక్టర్ పెట్టిన కుర్రవాడిని బాఖ్ ఆరాధన మధ్యలోనే క్వయర్ మేడమీద నుంచి తరిమేశాడు. ఆరాధన మధ్యలో! ఏ పాస్టరూ దీన్ని సమర్థించలేడు, మేమూ సమర్థించం. ఇద్దరూ విశ్వాసులే, ఇద్దరూ తమ పనిలో దిట్టలే. ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచి, కేసు రాజు దాకా వెళ్లి, రెండేళ్లు ఆ స్కూలు నలిగిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో దెబ్బ తగిలింది. మరియా బార్బరా ఆఖరి కొడుకు బెర్న్‌హార్డ్ సంగతి ఇది. 1735లో తండ్రి సిఫారసుతో మ్యూల్‌హౌసెన్‌లో ఆర్గనిస్టు అయ్యాడు. అక్కడ నిలవలేదు. 1737లో తండ్రి జాంగర్‌హౌసెన్ పెద్దలకు రాసి అక్కడ పెట్టించాడు. ఆ ఊరి ఉద్యోగం 1702లో తండ్రికే ఖాయమై, ప్రభువు ఇంకొకరిని పెట్టడంతో చేజారింది. కొడుకు రూపంలో అది దక్కిందనుకున్నాడు. ఏడాది తిరిగీ తిరగకముందే ఆ కుర్రవాడు అప్పులు చేసి, ఎవరికీ చెప్పకుండా ఊరొదిలి మాయమైపోయాడు. అప్పులవాళ్ల తరఫున తండ్రికి ఉత్తరం వచ్చింది. 1738 మే 24న ఆయన రాసిన జవాబు మేము చాలాసార్లు చదివాం. మ్యూల్‌హౌసెన్‌లో చేసిన అప్పులు తానే తీర్చానని, కొంత డబ్బు కూడా చేతిలో పెట్టానని, ఇంత చేశాక మళ్లీ ఇలా జరిగిందని రాశాడు. మందలింపూ, ప్రేమా, సాయమూ ఏవీ పనిచేయనప్పుడు ఈ సిలువను ఓర్పుతో మోయక తప్పదని, దారితప్పిన కొడుకును దేవుని కనికరానికే అప్పగిస్తున్నానని రాశాడు. రెండు వాక్యాల తర్వాత ఇంటిపెద్ద మళ్లీ లేస్తాడు. కొడుకు ఎక్కడున్నాడో తెలిసేదాకా, అప్పుకు వాడు సంతకం చేసిన కాగితం చూసేదాకా పైసా ఇవ్వనంటాడు.

కౌన్సిల్‌ను, రెక్టర్‌ను, ప్రభువులను నిలదీసిన నోరు ఇక్కడ నిస్సహాయమైపోయింది. ఏ తండ్రి మందలించినా వినని కొడుకు ఉంటే ఆ ఇంట్లో రాత్రిళ్లు ఎలా ఉంటాయో చాలామంది పాఠకులకు మేము చెప్పనక్కర్లేదు. ఇలాంటి ఉత్తరాలు రాయలేక, మా దగ్గరికొచ్చి కూర్చుని ఏడ్చిన తండ్రులున్నారు. మాట పదునుగా ఉండే తండ్రి ఇంట్లో కొడుకు నోరు విప్పలేక పారిపోయాడా? లేక తండ్రి ఎంత చేసినా నిలవని స్వభావమా వాడిది? ఒక్క ఉత్తరం చదివి తీర్పు చెప్పడం మాకు న్యాయం అనిపించదు. బెర్న్‌హార్డ్ యేనా పట్టణం చేరి, 1739 జనవరిలో అక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదవడానికి పేరు నమోదు చేయించుకున్నాడు. మే 27న జ్వరంతో చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో తండ్రి దూరంనుంచే కొడుకును చూసి పరుగెత్తాడు. ఈ తండ్రికి ఆ అవకాశం రాలేదు.

అదే 1739లో గుడ్‌ఫ్రైడేకు ముందు, అనుమతి లేనిదే శ్రమల గానం జరపడానికి వీల్లేదని కౌన్సిల్ గుమాస్తా వచ్చి చెబితే, జరిగినా జరగకపోయినా తనకు ఒరిగేదేమీ లేదని, అదొక బరువేనని అన్నాడు. మత్తయి సువార్త శ్రమల గానం రాసిన మనిషి నోట ఈ మాట! అలసిపోయిన మనిషి మాట అది.

అయినా ఇల్లు మూతపడలేదు. బంధువు యోహాన్ ఎలియాస్ ఆ రోజుల్లో ఆ ఇంట్లోనే ఉంటూ పిల్లలకు చదువు చెప్పి, ఉత్తరాలు రాసిపెట్టేవాడు. ఆయన ఉత్తరాల్లో వేరే బాఖ్ ఇల్లు కనబడుతుంది. అన్నా మగ్దలేనాకు తోటపని ఇష్టం. ఎవరో పంపిన కార్నేషన్ పూలమొక్కలు ఆరు అందితే, పిల్లలు క్రిస్మస్ బహుమతులను చూసుకున్నట్టు మురిసిపోయి, పసిబిడ్డల్లా సాకిందట. ఊరినుంచి వచ్చే సంగీతకారులెవరూ ఆ ఇంటికి రాకుండా వెళ్లేవారు కాదు. ఎలియాస్ తర్వాత సొంత ఊరికి వెళ్లి, 1748లో కృతజ్ఞతగా ఒక చిన్న పీపా ద్రాక్షారసం పంపాడు. దారిలో కారి మూడోవంతు పోయింది. పెద్దాయన కృతజ్ఞతలు చెబుతూనే, బండికిరాయి ఇంత, తెచ్చినవాడికి ఇంత, పన్ను ఇంత అని లెక్క రాసి, ఇంత ఖరీదైన బహుమతి ఇక పంపొద్దన్నాడు! బాఖ్ కుటుంబాలు ఏటా ఒకచోట కలుసుకునే ఆచారం ఉండేదని కూడా చెబుతారు. ముందు అందరూ కలిసి ఒక కీర్తన పాడేవారట, ఆ తర్వాత తోచిన పాటలన్నీ కలిపి నవ్వుకుంటూ పాడేవారట.

ఇక్కడ మనకు సంబంధించిన ఒక చిన్న సంగతి. 1746లో పెద్దకొడుకు ఫ్రీడెమాన్ హాలె పట్టణంలోని మార్కెట్ చర్చికి ఆర్గనిస్టుగా వెళ్లాడు. మద్రాసులో తెలుగు నేర్చుకుని, బైబిలును తెలుగులోకి తర్జుమా చేసిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ అప్పటికి ఆ పట్టణంలోనే ఉన్నాడు. ఆయన 1746, 1747 సంవత్సరాల్లో తెలుగు క్రైస్తవ పుస్తకాలను అక్కడే అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదటగా అచ్చయినవి అవేనని చెబుతారు. మన అక్షరాలు అచ్చు ముఖం చూసిన ఊళ్లో, అదే ఏడాది, బాఖ్ కొడుకు ఆర్గన్ వాయిస్తున్నాడన్నమాట.

ఆయన చదువుకునే మూడు సంపుటాల బైబిలు ఒకటుంది. కలోవ్ అనే వేదాంతి వ్యాఖ్యానంతో కూడినది. మీద ఆయన సంతకం, 1733 అనే సంవత్సరం ఉన్నాయి. ఇప్పుడది అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని కంకార్డియా సెమినరీలో ఉంది. అంచుల్లో ఆయన చేతిరాత, గీతలు, అచ్చు తప్పుల దిద్దుబాట్లు. అవును, బైబిలులో అచ్చు తప్పులను కూడా వదల్లేదు. రెండవ దినవృత్తాంతములు అయిదో అధ్యాయంలో లేవీయులు వాద్యాలతో స్తుతిస్తుండగా మందిరం మేఘంతో నిండిన చోట, భక్తితో కూడిన సంగీతం ఉన్నచోట దేవుడు తన కృపతో ఉంటాడన్న అర్థంలో రాసుకున్నాడు. ఎవరికీ చూపించడానికి రాసుకున్నది కాదు. కౌన్సిల్‌కు రాసిన ఫిర్యాదులను దీని పక్కన పెట్టి చదవాలి. తక్కువ జీతం గురించి ఆయన రాసుకున్నవి ఉన్నాయి, అహం కూడా ఉంది, కానీ కోపానికి అడుగున ఉన్నది ఇది.

1749 జూన్‌లో ఆయన ఇంకా బతికుండగానే, ఆ ఉద్యోగానికి వేరొకరిని పిలిపించి కౌన్సిల్ పరీక్ష పెట్టింది. చూపు మసకబారింది. 1750 వసంతంలో ఊరూరా తిరిగే ఇంగ్లిష్ కంటివైద్యుడు జాన్ టేలర్ రెండుసార్లు ఆపరేషన్ చేశాడు. చూపు పోయింది, ఆరోగ్యమూ పోయింది. జూలై 22న ఇంట్లోనే ప్రభురాత్రి భోజనం తీసుకున్నాడు. 28 సాయంత్రం చనిపోయాడు. అరవై అయిదేళ్లు. సెయింట్ జాన్ శ్మశానంలో రాయి లేని సమాధి. తర్వాతి కౌన్సిల్ సమావేశంలో, స్కూలుకు కావాల్సింది క్యాంటర్ గానీ ఆస్థాన విద్వాంసుడు కాదని ఒక సభ్యుడు గుర్తుచేశాడు.

ఇంట్లో పంతొమ్మిది వాద్యాలు, వాటితోపాటు ఎనభైకి పైగా సంపుటాల వేదాంత గ్రంథాలు మిగిలాయి. వీలునామా లేదు. లెక్కలన్నీ అంత నిక్కచ్చిగా చూసుకున్న మనిషి తన వెనక ఎవరికేమిటో రాసిపెట్టలేదు. పదిహేనేళ్ల యోహాన్ క్రిస్టియన్‌ను బెర్లిన్‌లో ఉన్న అన్న ఎమ్మాన్యుయేల్ తీసుకెళ్లాడు. బుద్ధి ఎదగని గాట్‌ఫ్రీడ్‌ను చెల్లెలు, బావ నౌంబర్గ్‌కు తీసుకెళ్లి చూసుకున్నారు; అతడు 1763లో చనిపోయాడు. అన్నా మగ్దలేనా దగ్గర పన్నెండేళ్ల ఒక కూతురు, ఎనిమిదేళ్ల ఇంకో కూతురు, పెళ్లికాని సవతి కూతురు మిగిలారు. ఆనవాయితీ ప్రకారం విధవరాలికి ఇచ్చే ఆరు నెలల జీతం ఇస్తూ, కౌన్సిల్ పాత పద్దు తీసింది. 1723లో ఉద్యోగంలో చేరినప్పుడు ఆయనకు ఎక్కువ ముట్టిందట, అది మినహాయించారు. ఇరవై ఏడేళ్ల తర్వాత! ఆయన నోటికి బదులు ఆమె దగ్గర వసూలు చేశారని అనుకోకుండా ఉండలేం. 1752లో భర్త రచన ప్రతులు కొన్ని ఇచ్చి, పేదరికం చెప్పుకుని కౌన్సిల్ దగ్గర నలభై థాలర్లు తీసుకుంది. 1760 ఫిబ్రవరి 27న, ధర్మఖాతా మీద బతికే స్త్రీగా, చనిపోయింది.

ఆఖరి కూతురు రెజినా సూసన్నా పెళ్లి చేసుకోకుండా లైప్‌జిగ్‌లోనే వృద్ధురాలైంది. 1800లో ఒక సంగీత పత్రిక సంపాదకుడు రాక్లిట్స్, బాఖ్ సంతానంలో ఈమె ఒక్కతే మిగిలిందనీ, పేదరికంలో ఉందనీ విన్నపం అచ్చువేశాడు. ఊరూరి నుంచి సంగీతకారులు డబ్బు పంపారు. వియన్నా నుంచి బీథోవెన్ కూడా సాయానికి ముందుకొచ్చాడు. తండ్రి పోయేనాటికి ఎనిమిదేళ్ల పిల్ల, ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ల ఆమె, తనను చూడని మనుషులు తండ్రి పేరు మీద పంపిన ఆ డబ్బు అందుకుని, అదే పత్రిక ద్వారా వారికి కృతజ్ఞతలు తెలుపుకుంది.